ఎయిట్ మైల్ రోడ్డుకు ఇవతల

2011 నవంబరులో ఒక ఆదివారం పొద్దున, నాతో పాటు పనిచేసే గుంటూరు మిత్రుడూ నేనూ ఇళ్లలో గుడికి వెళ్తున్నామని చెప్పి, డెట్రాయిట్ తూర్పు వైపున్న ప్యాకార్డ్ కార్ల ఫ్యాక్టరీకి వెళ్లాం. చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. తిరుగు దారిలో గుడి దగ్గర ఆగాం గానీ, ప్యాంట్లు మోకాళ్ల దాకా తడి సున్నంలాంటి బురదతో నిండి ఉండటంతో కారులోంచే దండం పెట్టుకుని ఇంటికి వచ్చేశాం. అప్పటికి నేను మిషిగన్ వచ్చి నాలుగేళ్లు దాటింది. ఆ నాలుగేళ్లలో వరంగల్ నుంచి ఎవరు అడిగినా "డెట్రాయిట్‌లో ఉంటున్నాను" అనే చెప్పాను. నిజానికి నేను ఉండేది నోవైలో. డెట్రాయిట్ నడిబొడ్డుకు అది దాదాపు 28 మైళ్ల దూరం. ఊరి పేరు వాడుకున్నాను గానీ, ఏడాదికొకసారి కార్ల ప్రదర్శనకు తప్ప ఆ ఊళ్లో అడుగు పెట్టిన పాపాన పోలేదు.

ప్యాకార్డ్ ఫ్యాక్టరీని అప్పట్లో అమెరికాలోకెల్లా పెద్ద పాడుబడ్డ ఫ్యాక్టరీగా చెప్పుకునేవారు. ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీద సుమారు 40 ఎకరాల్లో, 35 లక్షల చదరపు అడుగుల కట్టడం. 1903లో మొదలైన ఆ ప్రాంగణానికి రూపం ఇచ్చినవాడు ఆల్బర్ట్ కాన్ అనే వాస్తుశిల్పి. అంతకు ముందు ఫ్యాక్టరీ అంటే మందపాటి ఇటుక గోడలు, చెక్క దూలాలు, పట్టపగలు కూడా దీపం వెలిగించుకోవాల్సిన చీకటి. 1905లో ఇక్కడ పదో నంబరు భవనాన్ని ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటుతో కట్టడంతో స్తంభాల మధ్య ఎడం పెరిగింది, బరువు మోసే పని గోడలకు తప్పింది, గోడ ఉండాల్సిన చోటికి కిటికీ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్లను అనుమతి తీసుకుని తయారుచేసింది ఈ కంపెనీయే, 55,000కు పైగా. మేము వెళ్లేనాటికి ఆ కిటికీల్లో ఒక్క అద్దం కూడా మిగల్లేదు. అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం చట్టరీత్యా నేరం. ఆ సంగతి తెలిసే వెళ్లాం. కంచె అనదగినదేదీ లేకపోవడం మా నేరాన్ని తగ్గించదు.

లోపల ముందుగా ఆకట్టుకున్నది నేల. కాంక్రీటు పలక మీద ఇటుక కంటే కాస్త చిన్నవైన చెక్క దిమ్మెలను నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా పరిచారు. తారులాంటి నూనెలో నానబెట్టినవి కాబట్టి నల్లగా ఉన్నాయి. బరువైన ఇనుప భాగం చేయి జారి పడినా దెబ్బతినకుండా, పొద్దంతా నిలబడి పనిచేసేవాడి పాదాలకు కాస్త మెత్తగా ఉండేలా ఆ కాలపు ఫ్యాక్టరీల్లో ఇలాంటి నేల వేసేవారట. కప్పు పగిలి ఏళ్ల తరబడి వాన పడటంతో దిమ్మెలు ఉబ్బి, ఒకదాన్నొకటి నెట్టుకుని, నేల అక్కడక్కడ గేదె వీపులా పైకి లేచింది. ఎక్కడో నీటిబొట్లు పడుతున్న చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. పైకప్పు నుంచి సున్నం కరిగి కారి, వేలెడు పొడవు తెల్లటి ముళ్లలా గడ్డకట్టింది. గోడల పొడవునా ఎవరో ఉలితో చీల్చిన గాడులున్నాయి. లోపలి రాగి తీగను లాక్కెళ్లారు. మూడో అంతస్తులో నా మిత్రుడు కెమెరా కంటికి ఆనించుకునే వెనక్కి నడుస్తుంటే చొక్కా పట్టుకుని లాగాను. అతని మడమకు రెండడుగుల వెనక తలుపుల్లేని సరుకు లిఫ్టు గొయ్యి ఉంది. పాత టైర్లు, ఒక సోఫా, విరిగిన పడవ ఒకటి ఆ గోతి అడుగున నీళ్లలో తేలుతున్నాయి. అక్కడి నుంచి మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోకుండానే కిందికి దిగాం. దిగుతూ, నేల నుంచి ఊడి పడివున్న దిమ్మె ఒకదాన్ని నేను సంచిలో వేసుకున్నాను.

బయటికి వచ్చేసరికి మా కారు పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి, నల్లజాతి మనిషి, చేతిలో ఆకులు ఊడ్చే కర్ర. మా వాలకం చూసి ఎక్కడికి వెళ్లామో అడగనే లేదు. "కారు కాస్త ముందుకు జరపండి బాబూ, మా ఆవిడ చర్చి నుంచి వచ్చే వేళయింది, ఆమె కారు ఇక్కడే పెడుతుంది" అన్నాడు. క్షమాపణ చెప్పి, పక్కన ఉన్నది ఖాళీ స్థలమే కదా అని అటు జరపబోతే, "అక్కడ వద్దు, చక్రాల గుర్తులు పడతాయి, ఆ గడ్డి నేనే కోస్తాను" అన్నాడు. ఆ స్థలం ఆయనది కాదు. దాని పక్కది కూడా కాదు. రెండిళ్లు కూలిపోయి ఖాళీ అయిన చోట, ఎవరూ అడగకపోయినా, ఏటా వేసవంతా తన సొంత యంత్రంతో, సొంత పెట్రోలుతో గడ్డి కోస్తున్నాడు. ఎందుకని అడిగితే, "పెరగనిస్తే తెచ్చి చెత్త పోస్తారు" అని మాత్రం చెప్పి తన పనిలో పడ్డాడు.

ఆ రోజు నేను తీసిన ఫొటోలు రెండు వందల చిల్లర. ఆ రాత్రి కూర్చుని చూసుకుంటే, వాటిలో ఒక్కదాంట్లో కూడా ఆ గడ్డి లేదు. ఆ పెద్దాయన లేడు. కిటికీలోంచి వీధివైపు తీసిన ఒక ఫొటోలో ఆయన ఇంటి కప్పు అంచు వస్తే, దాన్ని నేనే కత్తిరించేశాను. ఎందుకంటే ఆ కప్పుకు కొత్తగా రంగు వేసి ఉంది, ఫొటోలోని విషాదానికి అది అడ్డొచ్చింది. ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నదంతా ఆ కత్తిరింపు గురించే.

డెట్రాయిట్ శిథిలాల ఫొటోలకు అప్పటికే పెద్ద గిరాకీ ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి కెమెరాలు వేసుకుని వచ్చి, కూలిన నాటకశాలలు, నాచుపట్టిన తరగతి గదులు తీసుకుని వెళ్లేవారు. ఇదంతా ఒక రకం బూతు అని స్థానికులు విసుక్కునేవారు. నాకు ఆ మాట మీద అప్పుడు కోపం వచ్చేది. నేను ఎవరినీ అవమానించలేదు కదా, ఉన్నదే కదా తీశాను అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ తిట్టు న్యాయమే అనిపిస్తుంది, కాకపోతే వాళ్లు చెప్పిన కారణానికి కాదు. బొమ్మలో అందం ఎక్కువ కావడం తప్పు కాదు. బొమ్మలో నుంచి మనుషులను, లెక్కలను తీసేస్తే మిగిలేది కాలం ఒక్కటే. కాలం పాడుచేసింది అంటే ఎవరూ పాడుచేయలేదని అర్థం. నా ఫొటోలు చూసినవాళ్లు "అచ్చం హంపీలా ఉంది" అన్నారు. ఆ పోలిక విని పొంగిపోయాను. హంపీ కూడా దానంతటది కూలలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఆ ఫొటోలు చూసి మా బాబాయి వరంగల్ నుంచి ఫోన్ చేశాడు. పొగడలేదు, తిట్టనూ లేదు. "మన మిల్లు ఫొటో ఒక్కటన్నా ఉన్నదా నీ దగ్గర?" అని అడిగాడు. మన మిల్లు అంటే ఆజంజాహి మిల్లు. నిజాం కాలంలో, 1934లో మొదలైన బట్టల మిల్లు. మా తాత అందులో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేశాడు. మిల్లు సైరన్‌ను బట్టి మా నాయనమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేదని, గోడ గడియారం ఇంట్లోకి వచ్చాక కూడా దాన్ని నమ్మకుండా సైరన్ కోసమే చూసేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. మిల్లు మూతపడింది, యంత్రాలు పోయాయి, తర్వాత భూమిని ప్లాట్లు చేసి అమ్మారు. నా దగ్గర ఫొటో లేదు. మా బాబాయి దగ్గరా లేదు. మా తాత పనిచేసిన చోట నిలబడి, ఏది సాంచాల షెడ్డో ఏది గోదామో ఊహించుకోవడానికి కూడా ఆనవాలు లేదు.

ఆ ఫోన్ తర్వాత నాకు ఒక చిన్న ప్రశ్న పట్టుకుంది. మన ఊళ్లలో కూడా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఒకటి రెండు కాదు. మరి మన దగ్గర తిరిగి చూడటానికి ఇలాంటి శిథిలాలు ఎందుకు ఉండవు? హైదరాబాదులో మూతపడిన ఫ్యాక్టరీ పేరు బస్టాపుకు మిగులుతుంది. ఆల్విన్ క్రాస్‌రోడ్స్ దగ్గర దిగేవాళ్లలో ఎంతమంది ఆల్విన్ ఫ్రిజ్ చూసి ఉంటారు? ఐడీపీఎల్ అంటే మందుల ఫ్యాక్టరీ అని ఇప్పటి పిల్లలకు ఎవరు చెబుతారు? మనవాళ్లకు గతం మీద గౌరవం లేదని, అమెరికా వాళ్లకు ఉందని దీనికి జవాబు చెప్పుకోవడం సులువు. నేనూ కొన్నాళ్లు అలాగే చెప్పుకున్నాను. అది తప్పు. మన దగ్గర ఫ్యాక్టరీ మూతపడితే దాని కింద భూమికి ఫ్యాక్టరీ కంటే ఎక్కువ ధర పలుకుతుంది, అందుకని గోడలు నాలుగేళ్లు నిలవవు. డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ గోడలు అన్ని దశాబ్దాలు నిలబడ్డాయంటే వాటిని ఎవరో ప్రేమించినందుకు కాదు. కూల్చే ఖర్చు కూల్చగా మిగిలే భూమి విలువకంటే ఎక్కువ కాబట్టి. 2013లో పన్ను బకాయిల వేలంలో ఆ మొత్తం ప్రాంగణాన్ని స్పెయిన్‌లో పుట్టి పెరూలో వ్యాపారం చేసే ఒక బిల్డరు 4,05,000 డాలర్లకు కొన్నాడు. ఆ ఏడాది నోవైలో మా వీధి చివర నాలుగు పడకగదుల ఇల్లు ఒకటి ఇంచుమించు అంతకే అమ్ముడుపోయింది. 40 ఎకరాల ఫ్యాక్టరీ ఒక వైపు, వెనక చెక్క వసారా ఉన్న ఒక ఇల్లు ఇంకో వైపు, తక్కెడ సమానంగా నిలిచింది.

ఈ తక్కెడ మనవాళ్లకు అర్థం కాలేదని కాదు. మేము నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకునే భోజనాల్లో ఆ రోజుల్లో అందరి నోటా ఒకటే కబురు, డెట్రాయిట్‌లో 500 డాలర్లకు ఇల్లు. కౌంటీ వేలంలో నిజంగానే పాట 500 దగ్గర మొదలయ్యేది. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని ఫోన్లో ఇళ్ల బొమ్మలు చూసుకునేవాళ్లం. మాలో ఒకాయన చూడకుండానే ఒకటి కొన్నాడు. వెళ్లి చూస్తే నీటి గొట్టాలు లేవు, వేడినీటి బాయిలరు లేదు, వెనక గోడ సగం లేదు. ఇంట్లో మాత్రం ఒక కుటుంబం ఉంది. పన్ను కట్టలేక ఇల్లు పోగొట్టుకున్నది వాళ్లే. ఆయన మంచివాడు, వాళ్లను ఖాళీ చేయమని అడగలేకపోయాడు. ఏడాది పాటు పన్ను కట్టి, చివరికి ఆ ఇంటిని ఎవరికో వదిలేసుకున్నాడు. ఆ కథను మేము చాలాకాలం నవ్వుకోవడానికి చెప్పుకున్నాం.

అసలు ఊరు ఎందుకు ఇలా అయిందన్న దానికి మా భోజనాల్లో ఒకే జవాబు చలామణిలో ఉండేది: 1967లో అల్లర్లు జరిగాయి, భయపడి తెల్లవాళ్లు వెళ్లిపోయారు, ఆ తర్వాత పాలించినవాళ్లు తిన్నారు. అల్లర్లు నిజం, 43 మంది చనిపోయారు. పాలకుల్లో అవినీతిపరులు ఉన్నదీ నిజమే. కానీ జవాబు మాత్రం తప్పు, ఎందుకంటే తేదీలు కుదరవు. డెట్రాయిట్ జనాభా 1950 లెక్కల్లో 18,49,568. అదే శిఖరం. 1960 నాటికే 16.7 లక్షలకు పడిపోయింది, అంటే అల్లర్లకు ఏడేళ్ల ముందే లక్షా ఎనభై వేల మంది తగ్గారు. డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ కార్ల తయారీ ఆగింది 1956లో, అల్లర్లకు 11 ఏళ్ల ముందు. నేను నడిచిన ఆ నేలను ఖాళీ చేసింది అల్లరిమూకలు కాదు. కంపెనీ పోయాక చిన్నాచితకా వ్యాపారాలు 1990ల దాకా అక్కడ అద్దెకుండి, ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి.

కారణం కొంతవరకు ఆ భవనంలోనే ఉంది. కాన్ కట్టిన తొలి ఫ్యాక్టరీలు అంతస్తులుగా లేచినవి. ఒక అంతస్తులో చేసిన భాగాన్ని లిఫ్టులో ఇంకో అంతస్తుకు చేర్చాలి. నా మిత్రుడు పడబోయిన గొయ్యి అలాంటిదే. కదిలే అసెంబ్లీ లైను వచ్చాక ఆ నిలువు ప్రయాణం దండగ అయింది. లైను ఒక కొస నుంచి ఇంకో కొసకు నేలమట్టంగా సాగాలి, అంటే ఒకే అంతస్తులో విశాలమైన షెడ్డు కావాలి, అంత భూమి ఊరి బయటే దొరుకుతుంది. ఊరి బయటైతే పన్ను తక్కువ, కార్మిక సంఘాల పట్టు తక్కువ, కొత్త హైవే పక్కనే ఉంటుంది. 1947 నుంచి 1958 దాకా ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్ కలిసి డెట్రాయిట్ పరిసరాల్లో 25 కొత్త ఫ్యాక్టరీలు కడితే, అన్నీ నగరపు హద్దు బయటే. 1947కూ 1963కూ మధ్య నగరం కోల్పోయిన ఫ్యాక్టరీ ఉద్యోగాలు సుమారు 1,34,000.

ఉద్యోగం వెళ్లిన చోటికి మనిషి వెళ్లవచ్చు కదా అంటే, అందరూ వెళ్లలేరు. నల్లవాళ్లు వెళ్లకుండా ఏర్పాటు జరిగింది. ఆ ఏర్పాటును కంటితో చూడాలంటే డెట్రాయిట్‌కు ఉత్తరపు హద్దు అయిన ఎయిట్ మైల్ రోడ్డుకు కాస్త దక్షిణంగా ఒక పిల్లల ఆటస్థలం దగ్గరికి వెళ్లాలి. అక్కడ ఒక గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు ఉన్న మామూలు కాంక్రీటు గోడ. నల్లవాళ్ల ఇళ్ల పక్కన స్థలాలకు గృహరుణాల హామీ ఇవ్వబోమని కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ అంటే, 1941లో ఒక బిల్డరు తాను తెల్లవాళ్ల కోసం కట్టే ఇళ్లకూ నల్లవాళ్ల ఇళ్లకూ మధ్య ఈ గోడ కట్టాడు. హామీ దొరికింది. నేను 2015లో వెళ్లి చూశాను. ఆటస్థలం వైపు కొంత దూరం రంగురంగుల బొమ్మలు వేసి ఉన్నాయి. మిగతాది ఇళ్ల పెరళ్ల మధ్య నుంచి సాగిపోతుంది. ఒక పెరట్లో ఆ గోడకు మేకులు కొట్టి బట్టలారేసే తీగ కట్టారు. ఇప్పుడు రెండు వైపులా నల్లవాళ్లే ఉంటున్నారు కాబట్టి గోడకు పనేమీ లేదు. పాడుబడలేదు, పగుళ్లు కూడా పెద్దగా లేవు. నేను అక్కడున్న గంటలో ఫొటో తీయడానికి ఇంకెవరూ రాలేదు. చూడటానికి నిజంగానే ఏమీ లేదు. ప్యాకార్డ్ కూలిపోతున్న అందాన్ని వెయ్యిసార్లు చూసినవాళ్లకు కూడా దాన్ని కూల్చిన వస్తువు ఇలా చెక్కుచెదరకుండా, బట్టలారేసుకోవడానికి వీలుగా నిలిచి ఉంటుందని తెలియదు.

ఇక నా సొంత గోడ సంగతి. 2012లో మేము నోవైలో ఇల్లు కొన్నాం. వెతికేటప్పుడు మా ఆవిడా నేనూ మొదట చూసింది వంటగది కాదు, వాస్తు కూడా కాదు. బడి రేటింగు. పదికి తొమ్మిది వచ్చే బడి పరిధిలో ఇల్లు దొరికితే తూర్పు ముఖం కాకపోయినా సర్దుకుందామని ఇద్దరం అనుకున్నాం. మన తెలుగువాళ్లు నోవై, ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్‌టన్ హిల్స్‌లలో గుమిగూడటానికి కారణం గుళ్లు, కిరాణా కొట్లు అనుకుంటాం గానీ, ముందు బళ్లు, తర్వాతే కొట్లు వచ్చాయి. రెండేళ్ల తర్వాత, ఇంకా తిరుగుడు మానని రోజుల్లో, డెట్రాయిట్ తూర్పున మూతపడిన ఒక ప్రాథమిక పాఠశాలలోకి వెళ్లాను. 2000 తర్వాత పదిహేనేళ్లలో ఆ నగరంలో మూతపడిన బళ్లు దాదాపు 200. అది వాటిలో ఒకటి. బడి సర్దుకుని వెళ్లినట్టు లేదు, లేచి వెళ్లినట్టు ఉంది. కుర్చీలు నా మోకాలి ఎత్తున్నాయి. ఒక అలమారలో పేర్లు రాసిన అట్టపెట్టెలు వరుసగా ఉన్నాయి, ఒక్కో పిల్లకు ఒకటి, వాటిలో క్రేయాన్లు తడికి ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్లు. నేను కెమెరా తీసి, మళ్లీ లోపల పెట్టేశాను.

ఆ బడికీ మా ఇంటికీ సంబంధం 1974లో ఒక తీర్పులో ఉంది. డెట్రాయిట్ బళ్లలో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కలపాలంటే, అప్పటికే తెల్లవాళ్లు చాలామంది శివారులకు వెళ్లిపోయారు కాబట్టి, శివారు బళ్లను కూడా కలిపి పిల్లలను పంచాలని కింది కోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురి తేడాతో దాన్ని కొట్టేసింది. శివారు బడి పాలకులు తప్పు చేసినట్టు రుజువు కాలేదు కాబట్టి వాళ్లను ఇందులోకి లాగకూడదని మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీ కేసులో తేల్చింది. అంటే ఊరి హద్దు దాటితే చాలు, బడి పన్నూ బడి పిల్లలూ రెండూ వేరవుతాయి. మా రేటింగు తొమ్మిది కావడం వెనక మా పిల్లల తెలివి, మా ఆవిడ రాత్రిళ్లు చెప్పే ఎక్కాలు ఉన్నాయనే మేము అనుకుంటాం. ఉండవచ్చు. కానీ ఆ గీత అక్కడ ఉండబట్టే తొమ్మిదికి ధర ఉంది, ఆ ధరే మా ఇంటి విలువ. నేను పదిహేను వందల మైళ్ల దూరం నుంచి వచ్చిన యాత్రికుణ్నైతే ఆ బడిని చూసి నిట్టూర్చి వెళ్లిపోయేవాణ్ని. అరగంట దూరంలో ఉంటున్నవాడికి ఆ హక్కు లేదని నా వాదన.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. మేము కొనుక్కున్న ఇళ్లను మేము ఎవరి దగ్గరా లాక్కోలేదు. 1974లో మా నాన్న హన్మకొండలో పదో తరగతి చదువుతున్నాడు. మేము రాకపోతే ఇంకెవరో ఆ ఇళ్లలో ఉండేవారు. ఇదంతా నిజమే, నన్ను నేను శిక్షించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు, ఇల్లు అమ్మి డెట్రాయిట్‌కు మారిందీ లేదు. నా మాట అంతకంటే చిన్నది. ఆ శిథిలాల్లోకి వెళ్లేటప్పుడు చచ్చిపోయిన ఊరికి వెళ్తున్నామనుకోవడం మానాలి. 2010 లెక్కల్లో, అంటే "డెట్రాయిట్‌లో ఎవరూ లేరు" అని మేము నవ్వుకునే రోజుల్లో, అక్కడ ఉన్నవాళ్లు ఏడు లక్షల పైచిలుకు. దాదాపు మా వరంగల్ అంత జనం. వరంగల్‌ను ఎవరైనా ఖాళీ ఊరంటే మనం ఊరుకుంటామా?

ఫొటోల వల్ల మేలు జరిగిందనేవాళ్లు మిషిగన్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌ను చూపిస్తారు. 1913లో మొదలై, 1988 జనవరిలో చివరి రైలు వెళ్లిపోయాక ముప్పై ఏళ్లు బోసిగా నిలబడిన 18 అంతస్తుల కట్టడం అది. డెట్రాయిట్ పతనానికి ముఖచిత్రం అదే. 2018లో దాన్ని ఫోర్డ్ కంపెనీ కొని, ఆరేళ్లు పనిచేయించి, 2024 జూన్‌లో తెరిచింది. తెరిచిన రోజుల్లో మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. నిరీక్షణ మందిరం కప్పుకు 29,000 పలకలున్నాయని, ఒక్కొక్కదాన్నీ కడిగి చూస్తే మార్చాల్సి వచ్చినవి 1,300 మాత్రమేనని అక్కడి మనిషి చెప్పింది. మందిరం చూసి నాకు గొంతు పట్టేసిన మాట నిజం. కొన్ని గోడల మీద, ఖాళీగా ఉన్న రోజుల్లో కుర్రాళ్లు రంగు డబ్బాలతో రాసిన రాతలను చెరపకుండా ఉంచారు. మా అమ్మాయి ఒకదాని ముందు ఆగి, "నాన్నా, ఇక్కడ తుడవడం మర్చిపోయారు" అంది.

ఆ స్టేషన్‌ను కాపాడింది ఫొటోలని నేను నమ్మను. ఫొటోలు ఇరవై ఏళ్లు వచ్చాయి, ఆ ఇరవై ఏళ్లూ వాన లోపల పడుతూనే ఉంది. కంపెనీకి కొత్త తరం ఇంజనీర్లను పిలిచి కూర్చోబెట్టడానికి ఊళ్లో ఒక చోటు కావలసి వచ్చింది, అప్పుడు పని జరిగింది. ఊరు వదిలి వెళ్లిన ఉద్యోగం తిరిగి వస్తే గోడ తనంతట నిలబడుతుంది. తప్పేమీ లేదు, సంతోషమే. కానీ ప్యాకార్డ్‌కు అలాంటి అవసరం ఎవరికీ రాలేదు. కొన్న బిల్డరు చేసిన వాగ్దానాలు వాగ్దానాలుగానే ఉన్నాయి. 2019 జనవరిలో రోడ్డు మీదుగా ఉన్న వంతెన దానంతటదే కూలింది. 2022లో కోర్టు కూల్చేయమంది. ఆ శరదృతువులో మొదలుపెట్టి, 2024 చివరికి నగరపాలక సంస్థ దాదాపు మొత్తం నేలమట్టం చేసింది.

స్టేషన్ గురించి ఒక సంగతి నాకు తరచూ గుర్తొస్తుంది. ఫోర్డ్ కొన్న కొద్దిరోజులకే ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేసి, ఇరవై ఏళ్లకు పైగా కనిపించకుండా పోయిన స్టేషన్ గడియారం ఒకటి ఇచ్చేస్తామన్నారు. ఒక పాడుబడ్డ భవనం గోడకు ఆనించి పెట్టామని, వచ్చి తీసుకెళ్లమని చెప్పారు. వెళ్లి చూస్తే నిజంగానే ఉంది.

మొన్న డిసెంబరులో ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీదుగా వెళ్లాను. ప్యాకార్డ్ ఉన్న చోట మట్టి చదును చేసి ఉంది, ఇంత చిన్న స్థలమా అనిపించేంత ఖాళీగా. పక్క వీధిలో ఆ ఇల్లు ఉంది. కప్పు రంగు మార్చారు. ఆయన ఉన్నాడో లేడో తెలియదు, దిగి అడగడానికి మొహం చెల్లలేదు. రెండు ఖాళీ స్థలాల్లోనూ మంచు కింద గడ్డి పొట్టిగా, చివర్లు సమంగా కోసి ఉంది. నేను తెచ్చుకున్న చెక్క దిమ్మె మా గ్యారేజీలో, మంచు తోసే పారకు పక్కన, అలమారలో ఉంది. ఎక్కడైనా ఇచ్చేద్దామంటే ఆ నేల ఇప్పుడు లేదు. జూలై ఎండలకు గ్యారేజీ వేడెక్కితే దాంట్లోంచి ఇప్పటికీ తారు వాసన వస్తుంది, ఏం కాలుతోందని మా ఆవిడ ప్రతి ఏడూ ఒకసారి తలుపు తీసి చూస్తుంది.